నల్లదారంతో కుట్టిన గుండీ

పందొమ్మిది వందల తొంభై రెండో సంవత్సరం, జూన్ నెల పదిహేనో తేదీ, సోమవారం ఉదయం, రసాయన శాస్త్రంలో స్నాతకోత్తర పట్టా, ఇస్త్రీ నలగని చీర, దేనికైనా సిద్ధమేనన్న ధీమా, ఈ మూడింటితో ఆమె మన ఆసుపత్రి అణు వైద్య విభాగంలో ఉద్యోగినిగా చేరారు. సాయంత్రం ఇల్లు చేరేసరికి పట్టా మీద నమ్మకం సడలి, ధీమా కాస్తా ఆవిరైపోయి, చీర ఇస్త్రీ ఒక్కటే చెక్కుచెదరకుండా మిగిలింది. ఏ కుర్చీలో కూర్చోవచ్చో, ఏ కుర్చీని తాకకూడదో తెలియక ఆ రోజంతా ఆమె నిలబడే ఉన్నారు మరి.

ఈ నెలాఖరున పదవీ విరమణ చేయనున్న ఆమెను విభాగంలోని చిన్నాపెద్దా అందరూ అభిమానంతో 'సీసం మేడం' అని పిలుస్తారు. సీసపు ఇటుకల గోడ వెనక నిలబడి మందులు సిద్ధం చేయడం ఆమె వృత్తి అయినందువల్ల ఆ పేరు వచ్చిందని కొందరంటే, ఏ మాట చెప్పినా ఇటుక పెట్టినంత బరువుగా పెడతారు కనుక వచ్చిందని మరికొందరంటారు. ఆమె మాత్రం ఈ వివాదంలో ఏనాడూ జోక్యం చేసుకోలేదు.

మన విభాగం భవనంలో అన్నిటికంటే కింది అంతస్తులో, బట్టలుతికే గది దాటాక, నడవా చిట్టచివర ఉంటుంది. ఆ రోజుల్లో నడవాలో ఒకే ఒక్క దీపం వెలిగేది. బరువైన తలుపు మీద పసుపుపచ్చ పలకా, దాని మీద మూడు రెక్కల గుర్తూ చూసి, ఇది ఫ్యాన్లు బాగుచేసే గది కాబోలనుకుని ఆమె రెండుసార్లు వెనక్కి వెళ్ళారు. మూడోసారి తలుపు తీసుకుని బయటకు వచ్చిన విభాగాధిపతి, అంటే మనందరి పెద్ద డాక్టరు గారు, "ఏమ్మా, దారి తప్పారా?" అని అడిగారు.

"అణు వైద్య విభాగం ఎక్కడండీ?"

"ఇదే. ఏం చదివారు?"

"కెమిస్ట్రీ సార్."

"మంచిది. అందులో సగం మరిచిపోవాలి. ఏ సగమో నేను చెబుతాను."

ఆ మాట ఆమెను ఎంతో కలవరపెట్టింది. అప్పటివరకు ఆమె చదివినది అణువుల పైపై సంబంధాల గురించి. ఎలక్ట్రాన్లు ఇచ్చిపుచ్చుకోవడం, కలవడం, విడిపోవడం. ఎన్ని మార్పులు జరిగినా నడిమధ్యనున్న కేంద్రకం మాత్రం ఏమీ ఎరగనట్టు ఉండిపోతుంది. ఇక్కడేమో ఆ కేంద్రకమే తనంతట తాను మారిపోయి, మారుతున్నప్పుడు కిరణాన్ని వెలువరించి, కొన్నిచోట్ల మరో మూలకంగా అవతరిస్తుంది. వేడి చేసినా దాన్ని తొందరపెట్టలేం, మంచులో పెట్టినా ఆపలేం. ఆమ్లానికి లొంగదు, క్షారానికి బెదరదు. ప్రయోగశాలలో దేన్నయినా మంట పెంచో తగ్గించో దారికి తెచ్చుకోవడం అలవాటైన ఆమెకు, మాట వినని పదార్థంతో కాపురం చేయడమెలాగో అంతుబట్టలేదు.

దానికి తోడు ఆ తొలి ఉదయమే పెద్ద డాక్టరు గారు లోపలికి వస్తూ, "ఆవుని పితికారా?" అని కేకేశారు. ఆమె అప్రయత్నంగా కిటికీ కోసం చూశారు. ఆ గదికి కిటికీ లేదు. విభాగంలో 'తొందర గారు' అని పేరుపడిన సీనియర్ టెక్నీషియన్, నడుస్తూ నడుస్తూనే, "ఇదిగోండి మేడం, ఆవు," అంటూ సీసం తొడుగులో ఉన్న ఒక చిన్న గొట్టం లాంటి పరికరాన్ని చూపించారు. లోపల మాలిబ్డినం అనే మూలకం ఉంటుందనీ, అది క్రమక్రమంగా టెక్నీషియంగా మారుతుంటుందనీ, రోజూ ఉదయం ఉప్పునీళ్ళు పోసి ఆ టెక్నీషియాన్ని మాత్రం కడిగి తీసుకుంటారనీ, మర్నాటికి మళ్ళీ ఊరుతుంది కనుక దాన్ని ఆవు అంటారనీ ఆయన తలుపు దాటేలోపు చెప్పేశారు. తీసిన టెక్నీషియం ఆరు గంటలకల్లా సగమైపోతుందని మాత్రం తలుపు దాటాక, వెనక్కి తిరక్కుండా చెప్పారు.

"సగం ఎవరు తీస్తారండీ?" అని ఆమె అడిగారు.

"ఎవరూ తీయరు. అదే పోతుంది."

"మరి మిగిలిన సగం ఇంకో ఆరు గంటల్లో పోతుందా?"

"అందులో సగమే పోతుంది."

"మరి పూర్తిగా ఎప్పుడు పోతుంది?"

"మీరలా అడుగుతూ ఉంటే మాత్రం పోదు, రండి," అన్నారు తొందర గారు.

ఈ సగం సంగతి ఆమెకు చాలా రోజులు కొరుకుడు పడలేదు. అర్థమైన రోజున మాత్రం ఎంత బాగా అర్థమైందంటే, తర్వాత ఆమె చెప్పిన పోలికే మన విభాగంలో పాఠమైపోయింది. "పెద్ద హాల్లో సభ జరుగుతోందనుకోండి. ఎవరు ఎప్పుడు లేచి వెళ్ళిపోతారో ఎవరూ చెప్పలేరు. పక్కన కూర్చున్నాయన చివరిదాకా ఉండచ్చు, ఈ క్షణమే లేవచ్చు. కానీ గంటయ్యేసరికి హాలు సగం ఖాళీ అవుతుందని మాత్రం కచ్చితంగా చెప్పచ్చు. ఒక్కో అణువు సంగతి దానికే తెలియదు. గుంపు సంగతి మనకు తెలుసు. అర్ధాయువంటే అంతే." శిక్షణకు వచ్చినవారికి ఇలా చెప్పి, "నాకూ ఇది వింతగానే ఉంటుంది. మీకు వింతగా లేదంటే సరిగ్గా వినలేదన్నమాట," అని ముగించేవారు.

మొదటి నాలుగేళ్ళలో ఆమె సాధించిన నైపుణ్యం సామాన్యమైనది కాదు. రేడియోధార్మిక పదార్థంతో పనిచేసేవారికి రక్షణ మూడే మూడింటి వల్ల లభిస్తుంది. దగ్గర ఉండే కాలం తక్కువగా ఉండాలి, దూరం ఎక్కువగా ఉండాలి, నడుమ తగిన అడ్డు ఉండాలి. ఆమె మొదట ఖాళీ సీసాలతో, రంగునీళ్ళతో సాధన చేసి, చేతులకు పని పూర్తిగా వచ్చాకే అసలు మందు ముట్టుకునేవారు. ఎముకలకు పోయే మందు వేరు, గుండెకు పోయే మందు వేరు, మూత్రపిండాలకు పోయే మందు వేరు. ఆయా అవయవాలు ఇష్టపడే పదార్థానికి టెక్నీషియాన్ని జోడించి పంపితే, అది అక్కడికి చేరి లోపలినుంచి కబురు పంపుతుంది. ఆ కబురును కెమెరా బొమ్మగా చూపిస్తుంది. శరీరం కోయకుండా శరీరం లోపలి సంగతి తెలుసుకునే ఈ విద్యలో, మందు సిద్ధం చేసే చేయి ఎంత నిక్కచ్చిగా ఉంటే బొమ్మ అంత స్పష్టంగా వస్తుంది. సీసం మేడం సిద్ధం చేసిన మందుతో వచ్చిన బొమ్మ మసకగా ఉంటే పెద్ద డాక్టరు గారు ముందు కెమెరాను అనుమానించేవారు.

అయితే అంతటి ఉద్యోగాన్ని ఐదో ఏడు నిండకముందే ఆమె వదిలేయబోయారన్న సంగతి విభాగంలో చాలామందికి తెలియదు. అది చెప్పకుండా ఈ అభినందన పూర్తి కాదు.

ఆ సంవత్సరం ఆమె అత్తగారికి ఒంట్లో బాగుండేది కాదు. బాగా తింటున్నా చిక్కిపోతుండేవారు. ఊరికే చెమటలు పట్టేవి, గుండె దడదడలాడేది, చేతిలో కప్పూ సాసరూ ఒకదానికొకటి తగిలి టకటకలాడేవి. అన్నిటికీ మించి చిరాకు. తలుపు చప్పుడైతే కోపం, కాకపోతే ఎవరూ పలకడం లేదని కోపం. థైరాయిడ్ గ్రంథి అదుపు తప్పి పనిచేస్తోందని పరీక్షల్లో తేలినప్పుడు, కోపం కూడా జబ్బులో భాగమేనని డాక్టరు చెప్పినప్పుడు, ఇంట్లోవాళ్ళకు ఎటూ పాలుపోలేదు. ఇన్నాళ్ళ కోపంలో గ్రంథిది ఎంత, మనిషిది ఎంత అన్నది ఏ యంత్రం తేలుస్తుంది? "నాది ఒక్క పిసరు కూడా లేదు, అంతా గ్రంథిదే," అని అత్తగారు ఆ సమస్యను తామే పరిష్కరించేశారు.

అత్తగారికి మన విభాగంలోనే రేడియో అయోడిన్ ఇచ్చారు. థైరాయిడ్ గ్రంథికి అయోడిన్ అంటే ఆకలి. మామూలు అయోడిన్‌కూ రేడియోధార్మిక అయోడిన్‌కూ తేడా దానికి తెలియదు. గొట్టం మాత్రగా మింగితే చాలు, మందు తనంతట తానే గ్రంథిని వెతుక్కుంటూ పోతుంది. అది వెలువరించే బీటా కిరణాలు మహా అయితే బియ్యపుగింజ మందం కూడా దాటవు గనక ఎక్కువగా పనిచేస్తున్న కణాలను అక్కడికక్కడే అణచివేస్తాయి. దానితోపాటు వచ్చే గామా కిరణాలు మాత్రం శరీరం దాటి బయటకు వస్తాయి. మందులో కొంత భాగం చెమటలో, ఉమ్మిలో, మూత్రంలో పోతుంది. అందుకే మింగినవారు కొన్నాళ్ళు పసిపిల్లలకు దూరంగా, విడిగా పడుకోవాలి. కంచం, గ్లాసు, తువ్వాలు వేరుగా ఉంచుకోవాలి. వందలమందికి ఈ నియమాలు ఓపికగా చెప్పిన సీసం మేడానికి సొంత అత్తగారికి చెప్పడం మాత్రం చేతకాలేదు.

"మింగింది నేను. భయపడేది మీరా?" అన్నారు అత్తగారు.

"భయం కాదత్తయ్యా, జాగ్రత్త. పాపని కొన్నాళ్ళు ఎత్తుకోకండి, అంతే."

"విషమైతే నాకెందుకిచ్చావు? మందైతే పిల్లకేం చేస్తుంది?"

ఆ ప్రశ్న అంత సూటిగా అంతకుముందు ఏ రోగీ అడగలేదు. గ్రంథికి మేలు చేసేదే పసిబిడ్డకు అనవసరమైన కిరణమవుతుందని ఆమె చెప్పబోయారు. గది తలుపు దగ్గర నిలబడి ఉన్న మూడేళ్ళ కూతురు మధ్యలో, "అమ్మా, నాన్నమ్మ లోపల లైటు వెలుగుతోందా?" అని అడిగింది.

"చూశావా? పిల్లకి కూడా నేను దెయ్యంలా కనిపిస్తున్నాను. అత్తని గదిలో పెట్టడానికా అమ్మాయ్ నువ్వు ఎమ్మెస్సీ చదివింది?"

అంతటితో ఆగినా బాగుండేది. మర్నాడు అత్తగారికి మరో ఆలోచన వచ్చింది. నిజం చెప్పాలంటే అది తీసిపారేయదగ్గ ఆలోచన కాదు. "ఒక్క మాత్ర మింగినందుకు నేను పిల్లని ముట్టుకోకూడదు. మరి నువ్వు ఏళ్ళ తరబడి రోజూ ఆ గదిలోనే ఉండి, ఇంటికొచ్చి పిల్లని ఎత్తుకుంటున్నావే? నీ ఒంటి మీద, నీ కోటు మీద ఏం మోసుకొస్తున్నావో ఎవరు చూశారు? ముందు ఆ ఉద్యోగం మానెయ్. తర్వాత నాకు నీతులు చెబుదువుగాని."

మందు తన శరీరం లోపలికి పోలేదనీ, సీసం అడ్డు ఉంటుందనీ, ఛాతీ మీద పెట్టుకునే బ్యాడ్జి ఎంత కిరణం తగిలిందో కొలుస్తుందనీ, కిరణం తగిలిన మనిషి దీపం కింద నిలబడిన మనిషి వంటిదే గాని దీపమైపోదనీ కోడలు ఎంతగానో చెప్పి చూశారు. అత్తగారు అటు తిరిగి పడుకున్నారు. అచ్చుకూటంలో ప్రూఫులు దిద్దే భర్త, అన్ని తప్పులనూ ఇట్టే పట్టగలిగినవారు, ఈ ఇద్దరిలో తప్పెవరిదో పట్టలేకపోయారు. "అమ్మ అన్నదాంట్లోనూ ఏదో ఉందేమోనే," అని ఒకసారీ, "నువ్వు చెప్పేదీ నిజమే కదా," అని మరోసారీ అంటూ గుమ్మంలో అటూ ఇటూ తిరిగారు.

అత్తగారు మాట్లాడటం మానేశారు. పాప నాన్నమ్మ గది బయట చాప మీద బొమ్మలు పేర్చుకుని, లోపలికి వెళ్ళకూడదు గనక గోడకు చెవి ఆనించి కూర్చునేది. అది చూసి ఆమె మనసు చెదిరిపోయింది. తాను తెలిసి చెప్పేదంతా నిజమే. అయినా ఇంట్లో ఒక్కరూ నమ్మని నిజంతో ఏం చేసుకోవాలో తెలియలేదు. ఉద్యోగం మానేస్తానని మర్నాడే పెద్ద డాక్టరు గారితో చెప్పేయాలని నిశ్చయించుకున్నారు.

మర్నాడు ఉదయం దండెం మీది కోటు తీసుకుని బయలుదేరారు. విభాగంలో వాడిన కోటును ఇంటికి తీసుకెళ్ళే పద్ధతి మనకు లేదు. కానీ ఉతుకుల గదిలో గంజి దిట్టంగా పెట్టి బాదేవాళ్ళు కనుక ఉతికొచ్చిన కోట్లకు గుండీలు నిలిచేవి కావు. అలా గుండీ ఊడిన శుభ్రమైన కోటును కుట్టుకుందామని ఇంటికి తెచ్చి, ఈ గొడవల్లో మరిచిపోయారు. పిన్నీసు పెట్టుకుని పని కానిద్దామనుకుని, విభాగంలో అడుగు పెట్టాక కోటు తొడుక్కుంటూ చూస్తే గుండీలన్నీ ఉన్నట్టే తోచింది. అంతకుమించి ఆలోచించే స్థితిలో ఆమె లేరు.

"సార్, మీతో ఒక మాట చెప్పాలి," అన్నారు పెద్ద డాక్టరు గారితో.

"ముందు ఆవు సంగతి చూడండి. బయట పేషెంట్లున్నారు," అన్నారాయన.

పని మొదలుపెట్టే ముందు, కిరణం తగిలితే టపటపలాడే మీటరును బల్ల మీద తిప్పి చూడటం నియమం. ఎక్కడా ఏ మందూ ఒలికి లేదని రూఢి చేసుకుంటే తప్ప ఆవుని ముట్టుకోకూడదు. ఆమె మీటరు తీసుకుని బల్ల వైపు వంగారు. అది ఒక్కసారిగా వాన కురిసినట్టు టపటపమని మోగింది. బల్ల తుడిచారు. మోగింది. చేతితొడుగులు మార్చారు. మోగింది. తొందర గారు వచ్చి ఆమెను పక్కకు జరగమని, మీటరును అదే బల్ల మీద పెడితే నిశ్శబ్దం. ఆమె దగ్గరకు రాగానే మళ్ళీ హోరు.

"మీటరు పాడైంది," అన్నారు తొందర గారు, రెండో మీటరు తెస్తూ. అదీ అంతే. బల్ల దగ్గర మోగింది, ఆమె బీరువా దగ్గరకు వెళితే బీరువా దగ్గర మోగింది, కడుక్కునే తొట్టి దగ్గరకు వెళితే అక్కడా మోగింది. "గది మొత్తానికి మందు అంటుకుందా ఏంటి?" అని తొందర గారు మొట్టమొదటిసారి కదలకుండా నిలబడిపోయారు.

బయట బెంచీ మీద గుండె పరీక్షకు పరగడుపున వచ్చిన బస్సు డ్రైవరూ, ఆయన భార్యా కూర్చుని ఉన్నారు.

"లోపల ఏదో మోగుతోందటండీ. ఆలస్యమవుతుందట."

"మోగనీ. నా కడుపులో మోగేదానికంటేనా?"

"బస్సు లేటైతే జనం మిమ్మల్ని తిట్టినట్టు మీరు వాళ్ళని తిట్టకండి."

"నేను తిట్టను. హారన్ కొడతానంతే."

లోపల మాత్రం నవ్వులేదు. "ఎక్కడినుంచి వస్తోందో తేలేదాకా ఎవరూ ఏదీ ముట్టుకోవద్దు," అని పెద్ద డాక్టరు గారు పని ఆపించారు. ఆ గదికి, ఆ బల్లకు బాధ్యత సీసం మేడానిది. తన చేతుల్లో పొరపాటు జరిగిందా? ఎప్పుడు? ఎలా? నిన్న సాయంత్రం చూసినప్పుడు బల్ల శుభ్రంగానే ఉందే? అన్నిటికంటే భయంకరమైన అనుమానం ఒకటి అప్పుడే తోచింది. మీటరు మోగుతున్నది బల్లను చూసి కాదు, తనను చూసి. అయితే అత్తయ్య అన్నదే నిజమా? ఇన్నేళ్ళూ ఇదే మోసుకెళ్ళి పాపను ఎత్తుకున్నానా?

"సార్, నా మీద పెట్టి చూడండి," అన్నారు.

పెద్ద డాక్టరు గారు గొంతు దగ్గర పెట్టారు. ఓ మోస్తరుగా మోగింది. కాస్త కిందికి దించగానే మీటరు చెవులు చిల్లులు పడేలా అరిచింది. "కోటు తీసి స్టాండుకి తగిలించండి." తగిలించారు. ఇప్పుడు ఆమె మీద పెడితే మీటరు నోరు మెదపలేదు. కోటు మీద పెడితే హోరు. కాలరు కాదు, చేతులు కాదు, జేబులు కాదు. పైనుంచి మూడో గుండీ.

ముగ్గురూ వంగి చూశారు. మిగతా గుండీలన్నీ తెల్లదారంతో ఉన్నాయి. ఈ ఒక్కటీ నల్లదారంతో, ఎగుడుదిగుడు కుట్లతో, అవసరానికి మించిన ముడులతో బిగించి ఉంది.

"ఇది నేను కుట్టలేదు," అన్నారామె, ఏమీ అర్థంకాక.

కిరణం శక్తిని బట్టి అది ఏ మూలకానిదో గుర్తించే యంత్రం దగ్గర పెట్టి చూశారు. టెక్నీషియం కాదు. అయోడిన్.

"మన దగ్గర ఈ వారం అయోడిన్ ఎవరు ముట్టుకున్నారు?" అన్నారు తొందర గారు. ఎవరూ ముట్టుకోలేదు. ఒక్కరు మాత్రం మింగారు.

ఆమె మళ్ళీ వంగి ఆ కుట్లను చూశారు. ఇంట్లో నల్లదారం ఉండ ఎవరి పెట్టెలో ఉంటుందో ఆమెకు తెలుసు. దారం కొసను నోట్లో తడిపి, పెదవులతో సన్నగా చేసి సూదిలోకి ఎక్కించి, చివరికి పళ్ళతో తుంపే చేయి ఎవరిదో కూడా తెలుసు. మామూలుగా ఒకసారి తడిపితే సరిపోతుంది. కానీ కప్పూ సాసరూ నిలకడగా పట్టుకోలేని ఆ చేతులకు దారం ఎక్కక, మళ్ళీ తడిపి, తప్పిపోయి, మళ్ళీ తడిపి, ఎన్నిమార్లు ప్రయత్నిస్తే మీటరు ఇంతలా మోగుతుంది? మాట్లాడనని అటు తిరిగి పడుకున్న మనిషి, ఆ కోటు అంటేనే హడలిపోయే మనిషి, దాన్ని ఒళ్ళో పెట్టుకుని ఎంతసేపు కూర్చున్నారు?

కోటును సంచిలో కట్టి సీసం వెనక పెట్టారు. తొందర గారు తన పేరు నిలబెట్టుకుంటూ ఆవు దగ్గరకు పరిగెత్తారు. బస్సు డ్రైవరు గారి పరీక్ష మధ్యాహ్నంలోపే పూర్తయింది. ఆయన హారన్ కొట్టే అవసరం రాలేదు.

"పొద్దున్న ఏదో చెప్పాలన్నారు?" అని పెద్ద డాక్టరు గారు అడిగారు.

"గుర్తులేదు సార్," అన్నారు సీసం మేడం. "సాయంత్రం ఒక మీటరు ఇంటికి తీసుకెళ్ళనా?"

ఆ సాయంత్రం అత్తగారి గది గుమ్మానికి ఇవతల కుర్చీ వేసుకుని కూర్చున్నారు.

"అత్తయ్యా, నా కోటు గుండీ మీరు కుట్టారా?"

అత్తగారు అటు తిరిగే పడుకుని ఉన్నారు. "ఎవరు చెప్పారు?"

"మా యంత్రం చెప్పింది."

"చాడీలు చెప్పే యంత్రాలు కూడా పెట్టుకున్నారా మీ ఆఫీసులో?"

"దారం నోట్లో తడిపారు కదా?"

"తడపకపోతే ఎలా ఎక్కుతుంది? నీకు ఎక్కుతుందా?"

"ఆ కోటంటే మీకు భయం కదా?"

"భయమే. అయితే మాత్రం? గుండీ లేకుండా నిన్ను పదిమందిలోకి పంపుతానా?"

అత్తగారు లేచి కూర్చుని, "ఏదీ, ఆ చాడీలది తెచ్చావా? ముందు నీ మీద పెట్టు, వింటాను," అన్నారు. రోజంతా ఆ గదిలో పనిచేసి వచ్చిన కోడలు మీటరును తన తల నుంచి కాళ్ళదాకా, రెండు అరచేతుల మీదా తిప్పారు. ఎప్పుడో ఒక చుక్క రాలినట్టు, ఏ గదిలోనైనా, ఏ గోడ దగ్గరైనా వినిపించే ఆ కాస్త టిక్కు మాత్రమే వినిపించింది. మీటరును గుమ్మం లోపలికి చాపగానే హోరెత్తింది. అత్తగారు ఉలిక్కిపడి, అంతలోనే ముక్కున వేలేసుకున్నారు.

"అయ్యో, ఇదంతా నేనేనా?"

"మీరే."

"మరి నీ మీద ఏం లేదేం?"

"లేదనే కదత్తయ్యా మొత్తుకుంటున్నాను."

"నువ్వు మొత్తుకుంటే నాకేం తెలుస్తుంది? అది మొత్తుకోకపోతే తెలిసింది," అన్నారు అత్తగారు. "రేపు కూడా తీసుకురా. తగ్గుతుందన్నావుగా, తగ్గుతుందో లేదో నేనే వింటాను," అన్నారు.

అలా రోజూ సాయంత్రం గుమ్మానికి ఇవతల అదే చోట కుర్చీ వేసుకుని మీటరు పెట్టేవారు. అయోడిన్ తన ఎనిమిది రోజుల లెక్కన తాను సగమవుతూ, శరీరం కూడా కొంత బయటకు పంపేస్తుండటంతో, హోరు జల్లై, జల్లు చినుకులై తగ్గుతూ వచ్చింది. భర్త వచ్చి నిలబడి వినేవారు. పాప దూరంగా కూర్చుని, "నాన్నమ్మ వాన తగ్గింది," అనేది. పెద్ద డాక్టరు గారు ఇక ఫరవాలేదన్న మర్నాడు పొద్దున్నే పాప గుమ్మం దాటి ఒక్క ఉరుకున వెళ్ళి నాన్నమ్మ ఒళ్ళో పడింది. అత్తగారు మనవరాలి తల మీదుగా కోడలి వైపు చూసి, "ఇంకా ఇక్కడే ఉన్నావేం? టైమవుతోంది, ఆఫీసుకి వెళ్ళు," అన్నారు. ఉద్యోగం మానడం గురించిన చర్చ ఆ ఇంట్లో అక్కడితో ముగిసింది. అది మొదలైందనే సంగతి కూడా తమకు గుర్తులేదని అత్తగారు ఇప్పటికీ అంటారు.

ఆ తర్వాతి సేవ మనందరికీ కళ్ళముందున్నదే. ఒక్క గది విభాగం ఐదు గదులయింది. చక్కెర వంటి పదార్థానికి రేడియోధార్మిక ఫ్లోరిన్ జోడించి క్యాన్సర్ కణాల జాడ కనుగొనే కొత్త కెమెరా వచ్చింది. ఫ్లోరిన్ రెండు గంటల్లోపే సగమైపోతుందని తెలిసి అందరూ బెంబేలెత్తితే, ఆమె మళ్ళీ రంగునీళ్ళు తీసుకుని మొదటినుంచి సాధన చేయించారు. ఇరవయ్యేళ్ళకు పైగా రేడియేషన్ రక్షణ బాధ్యత వహించినా, ఉదయం మీటరు తిప్పడం మాత్రం ఎవరికీ అప్పగించలేదు. అయోడిన్ తీసుకునేవారికి చెప్పే జాగ్రత్తల్లో, 'కుట్టుపని చేసేటప్పుడు దారం నోట్లో పెట్టుకోవద్దు' అన్న మాట మన ఆసుపత్రిలో చేరింది ఆమె వల్లే. ఎందుకో తెలియని కొత్తవాళ్ళు అది చెబుతూ తికమకపడుతుంటారు. తెలుసుకోగోరేవారు పై కథ చదువుకోగలరు.

ఆ కోటు చాలా నెలలు సీసం వెనకే ఉండి, ఖాళీ గదికీ దానికీ మీటరు తేడా చెప్పలేని స్థితికి వచ్చాక బయటకు వచ్చింది. అది చిరిగిపోయేదాకా ఆమె తొడుక్కున్నారు. తర్వాత ఎన్ని కొత్త కోట్లు వచ్చినా మూడో గుండీ తీసి, ఆ పాత గుండీనే నల్లదారంతో కుట్టించుకుని మరీ వేసుకున్నారు. ఎవరి చేత కుట్టించుకున్నారో వేరే చెప్పనక్కరలేదు. మధ్యలో చేరిన కొందరు అదేదో హోదాకు గుర్తనుకుని, తామెప్పుడు నల్లదారానికి అర్హులమవుతామని తొందర గారిని అడిగారట. "అత్తగారి అనుమతి కావాలి," అని ఆయన అంతే తొందరగా చెప్పి వెళ్ళిపోయారట.

పదవీ విరమణ దగ్గరపడుతున్న కొద్దీ ఆమెలో తొలినాటి అయోమయం మళ్ళీ కనిపిస్తోందని ఇంట్లోవారు అంటున్నారు. మొన్న ఆదివారం టీ పెట్టుకుని, నిలబడే గబగబా తాగేసి, కప్పు కడిగి బోర్లించాక, ఇది ఎంతసేపు ఉన్నా సగమైపోదు కదా, కూర్చుని తాగచ్చు కదా అని అప్పుడు తోచిందట. ఉదయాన్నే ఆవు ఎదురుచూడని రోజు ఎలా గడుస్తుందో తెలియడం లేదన్నారట. ఎనభై దాటినా, రోజూ థైరాయిడ్ మాత్ర ఒక్కటి వేసుకుంటూ, చేతులు వణక్కుండా దారం ఎక్కించగలిగే అత్తగారు మాత్రం విషయానికి వచ్చారు: "కోటు వాళ్ళది, ఇచ్చెయ్. గుండీ మనది, కోసుకురా."

కాబట్టి ఈ నెలాఖరున ఆసుపత్రికి తిరిగి అందే కోటుకు మూడో గుండీ ఉండదని సంబంధిత అధికారులు గమనించి, పెద్ద మనసుతో మన్నించవలసిందిగా మనవి. మన ప్రియతమ సీసం మేడం గారు ఇకమీదట ప్రతి ఉదయం కూర్చుని నింపాదిగా టీ తాగాలనీ, వీడ్కోలు సభలో ముందువరసలో కూర్చోనున్న ఆ అత్తగారి చల్లని నీడలో, భర్త, కూతురు పక్కనుండగా, నిండు ఆరోగ్యంతో నూరేళ్ళు వర్ధిల్లాలనీ, ఏ మీటరుకూ అందని ఆ ఇంటి సంతోషం ఎన్నేళ్ళు గడిచినా ఒక పిసరైనా తగ్గకూడదనీ మన విభాగం యావత్తూ మనసారా కోరుకుంటోంది.